పండుగ పూట హోటల్ భోజనం: వెళ్దాం, కానీ ఇలా వెళ్దాం

దసరా సెలవులు దగ్గర పడ్డాయంటే మన పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో రెండు ప్రశ్నలు తిరుగుతుంటాయి. హాలిడే హోంవర్క్ ఎంత ఇచ్చారు? పండుగ రోజు భోజనానికి ఎక్కడికి వెళ్తున్నారు? మొదటిదానికి టీచర్లు జవాబు చెబుతారు. రెండోదాని మీద మాత్రం ప్రతి ఇంట్లో చిన్నపాటి పంచాయితీ నడుస్తుంది. "పండుగ నాడు ఇంట్ల పొయ్యి ముట్టియ్యకుండ హోటల్ల తినుడేంది?" అని పెద్దవాళ్లు. "ఒక్క పూటన్నా వంటింట్లోంచి బయటపడొద్దా?" అని కోడళ్లు. "బిర్యానీ ఉంటే ఎక్కడైనా ఓకే" అని పిల్లలు. కారు తాళాలు చేతిలో పట్టుకుని ఎటూ చెప్పలేక నిలబడేది నాన్నలు.

మన రెండు జిల్లాల వాళ్లకు ఈ ప్రశ్న మరీ ఎక్కువగా ఎదురవడానికి కారణం ఉంది. నల్లగొండ వైపు 65వ నంబర్ హైవే, పాలమూరు వైపు 44వ నంబర్ హైవే మన ఊళ్ల మధ్య నుంచే పోతున్నాయి. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేట ఒకవైపు. షాద్‌నగర్, జడ్చర్ల, భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు ఇంకోవైపు. ఒకప్పుడు ఈ రోడ్డు పక్క హోటళ్లు దూరం పోయేవాళ్ల కోసం. బస్సు ఆగితే పది నిమిషాల్లో చాయ్ తాగి ఎక్కాలి. ఇప్పుడు నార్కట్‌పల్లి దగ్గరి వివేరా, సూర్యాపేట సెవెన్ లాంటి పేర్లు మన పిల్లలకు ఊరి పేర్లలాగే నోటికి వచ్చు. సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర బారులు తీరే కార్లలో చాలావాటికి మధ్యాహ్నం భోజనం ఎక్కడో ముందే ఖరారై ఉంటుంది. మన దగ్గరివాళ్లలో కొందరికైతే ప్రయాణమే లేదు, హోటలే గమ్యం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పండుగ రోజు కుటుంబమంతా కలిసి హోటల్లో తినడంలో తప్పేమీ లేదు. అయితే ఆ రెండు గంటల్లో మన పిల్లలు మనల్ని చూసి చాలా నేర్చుకుంటారు. ఆ టేబుల్ దగ్గర నాయనమ్మతో ఎలా ఉన్నాం, వడ్డించే మనిషితో ఎలా మాట్లాడాం, ప్లేట్లో ఎంత వదిలేశాం, బిల్లు వచ్చాక ఏం చేశాం అన్నవి ఏ వాల్యూ ఎడ్యుకేషన్ పీరియడ్ కన్నా బలమైన పాఠాలు. కాబట్టి వెళ్లాలా వద్దా అన్న వాదన కాసేపు పక్కన పెట్టి, ఎలా వెళ్లాలో మాట్లాడుకుందాం.

అమ్మకు పండుగ ఎప్పుడు?

పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలైతే సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. పువ్వు తేవాలి, పేర్చాలి, రోజుకో ప్రసాదం చేయాలి. సద్దుల నాటికి పెరుగు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, చింతపండు పులిహోర, మలీద ముద్దలు. ఆ అలసట తీరకముందే దసరా. తెల్లవారుజామునే ఇల్లు కడగడం, గుమ్మాలకు తోరణాలు, ఆయుధ పూజకు బండ్లు కడిగించడం, ఆ తర్వాత యాట కూర, బగారన్నం, గారెలు, తీపి ఒకటి. చుట్టాలు రెండు విడతలుగా వస్తారు. అందరూ తిన్నాక, గిన్నెలో అడుగున మిగిలిన కూరతో అమ్మ కూర్చునేసరికి మూడున్నర. అప్పుడు కూడా "కొంచెం చాయ్ పెడ్తవా?" అని హాల్లోంచి ఒక గొంతు వినిపిస్తుంది.

కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటి పనుల మీద ఆ పనులు చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అంటే ఒకరిది దాదాపు ఐదు గంటలు, ఇంకొకరిది గంటన్నర. 2019 సర్వేలో ఆ లెక్క 299, 97. ఐదేళ్లలో ఆడవాళ్ల పని పది నిమిషాలు తగ్గింది, మగవాళ్లది తొమ్మిది నిమిషాలు తగ్గింది. తేడా ఎక్కడిదక్కడే ఉంది. ఇవి మామూలు రోజుల సగటు. పండుగ రోజు లెక్క మన ఇళ్లలో గడియారం పెట్టి చూసుకోవచ్చు.

కాబట్టి "ఈ పూట హోటల్‌కు పోదాం" అని ఇంట్లో ఆడవాళ్లు అంటే దాన్ని బద్ధకం అనకూడదు. "ఎంతైనా ఇంటి వంట ఇంటి వంటే" అనే మాట ఎవరి నోటి నుంచి వస్తుందో గమనించండి. ఎక్కువసార్లు అది గరిటె పట్టని చేతుల వైపు నుంచే వస్తుంది. అమ్మ కూడా అందరితో పాటు కూర్చుని, వేడివేడిగా, తనకు నచ్చినది తినే పూట ఏడాదికి ఎన్నిసార్లు వస్తుందో పిల్లలు కూడా లెక్కపెట్టగలరు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. అమ్మకు విశ్రాంతి కావాలంటే డబ్బు కట్టి హోటల్‌కు వెళ్లడం ఒక్కటే దారి అని పిల్లలు అనుకోకూడదు. హోటల్ ఒక పూట సంగతి. మిగతా పండుగలకు ఇంట్లోనే పని పంచుకోవచ్చు. ఐదో తరగతి పిల్లాడు ఉల్లిగడ్డ పొట్టు తీయగలడు. ఎనిమిదో తరగతి అబ్బాయి పిండి కలపగలడు, ప్లేట్లు కడగగలడు. అమ్మాయికి చెప్పిన పని అబ్బాయికీ చెబితే చాలు. నాన్న చాయ్ పెడితే దాని గురించి ఇంట్లో వారం రోజులు చెప్పుకోవాల్సిన అవసరం కూడా ఉండకూడదు.

మెనూ కార్డు ఎవరు చదవాలి?

హోటల్లో కూర్చోగానే మెనూ కార్డు వస్తుంది. చాలాచోట్ల అది ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. పిల్లలు ఒక్క నిమిషంలో ఆర్డర్ తేల్చేస్తారు: చికెన్ 65, అపోలో ఫిష్, ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ, బటర్ నాన్. కార్డు తిరిగి తిరిగి చివరికి నాయనమ్మ ముందుకు వస్తుంది. ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకున్నా ఎవరూ చూడరు. "నాకేం వద్దు బిడ్డా, మీరు తినుండ్రి. జరంత పెరుగన్నం చాలు" అంటుంది. అందరం తలూపి, ఆర్డర్ ఇచ్చేస్తాం.

ఆమెకు నిజంగా ఆకలి లేకనా? చాలాసార్లు కారణాలు వేరే ఉంటాయి. కార్డులో ఏం రాసి ఉందో తెలియదు. తెలిసినవాళ్లయితే కుడివైపు అంకెలు చూసి గుండె ఆగినంత పని అవుతుంది. పళ్లు సరిగా లేవు. షుగర్ ఉంది, బీపీ ఉంది, కారం పడదు. ఇవేవీ అందరి ముందు చెప్పుకోవడం ఇష్టం ఉండదు. పెరుగన్నం అంటే ఎవరినీ ఇబ్బంది పెట్టని మాట, అంతే.

ఇక్కడ మన పిల్లల ఇంగ్లిష్‌కు ఒక మంచి పని ఉంది. మెనూ కార్డును పిల్లలు తెలుగులో చదివి పెద్దవాళ్లకు చెప్పాలి. చదవడమంటే పేర్లు అప్పజెప్పడం కాదు. "స్టార్టర్స్ అంటే ముందుగా తినే వేపుళ్లు నాయనమ్మా. ఇది కార్న్, అంటే మక్క గింజల వేపుడు. ఇది మష్రూమ్, పుట్టగొడుగులు. ఇందులో ఎముకలు ఉండవు, మెత్తగా ఉంటుంది. దీంట్లో కారం ఎక్కువ" అని విడమరచి చెప్పాలి. ఏం వేసి చేస్తారో తెలియకపోతే సర్వర్‌ను అడిగి చెప్పాలి. ప్రయత్నించి చూడండి. ఇంగ్లిష్‌లో గలగలా మాట్లాడే పిల్లలు కూడా ఒక్కో చోట ఆగిపోతారు. 'గ్రేవీ'కి, 'పులుసు'కు తేడా ఏమిటి? 'షోర్బా' అంటే చారా, రసమా? మూడు భాషల మధ్య అటూ ఇటూ తిరిగే ఆ ఐదు నిమిషాలు మంచి లాంగ్వేజ్ క్లాస్. మనం ఫీజు కట్టి నేర్పిస్తున్న ఇంగ్లిష్ ఇంట్లో పెద్దవాళ్లకు ఉపయోగపడకపోతే అది ఎవరికి ఉపయోగపడాలి?

ఇంకో చిన్న పద్ధతి. ఆర్డర్ పెద్దవాళ్ల నుంచి మొదలుపెట్టండి, పిల్లలతో ముగించండి. తాతయ్యకు జొన్న రొట్టె కావాలంటే ఉందేమో అడగండి. మన పాలమూరు రోడ్డు మీద ఇప్పుడు చాలా హోటళ్లలో జొన్న రొట్టె దొరుకుతోంది. ఉప్పు తగ్గించమని, నూనె తక్కువ వేయమని అడగడం నామోషీ కాదు. రోజుకు మొత్తం మీద ఐదు గ్రాముల ఉప్పు మించొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బీపీ ఉన్నవాళ్లకు ఆ లెక్క ఇంకా ముఖ్యం. హోటల్ పచ్చళ్లు, అప్పడాలు, వేపుళ్లు కలిస్తే ఆ హద్దు ఒక్క పూటలోనే దాటిపోవచ్చు.

ఇక ఫోన్. రెండేళ్ల బాబుకు ఫోన్ చూపిస్తూ తినిపించే అమ్మానాన్నలను నేను తప్పు పట్టను, వాళ్ల కష్టం వాళ్లది. కానీ తొమ్మిదో తరగతి అబ్బాయి ఒక చేత్తో బిర్యానీ, ఒక చేత్తో రీల్స్ నడుపుతుంటే ఎదురుగా కూర్చున్న తాతయ్య ఎవరితో మాట్లాడాలి? ఫుడ్ వచ్చేదాకా పట్టే ఇరవై నిమిషాలే ఈ భోజనంలో విలువైన సమయం. ఆ సమయంలో ఫోన్లన్నీ అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉండాలి. నాన్న ఫోన్‌తో సహా.

సర్వర్‌కు కూడా దసరానే

మనకు పండుగ అయిన రోజు హోటల్ వాళ్లకు ఏడాదిలోకెల్లా బిజీ రోజు. వడ్డించే మనిషికి కూడా ఆ రోజు ఇంట్లో పండుగ ఉంటుంది. అతను దాన్ని వదులుకుని మన టేబుల్ దగ్గర నిలబడ్డాడు. ఈ మాట పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి.

మన రోడ్ల మీది హోటళ్లలో పనిచేసే యువకులతో మాట్లాడి చూడండి. ఒడిశా, బెంగాల్, బిహార్, అస్సాం నుంచి వచ్చినవాళ్లు కనిపిస్తారు. తెలుగు అంతంత మాత్రం. "క్యా చాహియే సార్" అంటారు. ఆ యాసను వెక్కిరించి నవ్వుకునే పిల్లలనూ, ఆపకుండా నవ్వే పెద్దలనూ చూస్తుంటాం. పాలమూరు పిల్లలకైతే ఈ విషయం తప్పకుండా చెప్పాలి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అనే మాట మన తెలంగాణలో ఊరికే పుట్టలేదు. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా, ఎక్కడ రోడ్డు వేసినా పాలమూరు లేబర్ ఉండేవాళ్లు. బొంబాయి వలస పోయి, పండుగకు ఊరు రాలేక, అక్కడే గుడిసెల్లో దసరా జరుపుకున్నవాళ్లు మన తాతల తరంలో ఎంతోమంది. భాష రాని చోట, పేరు పెట్టి పిలిచేవాళ్లు లేని చోట వాళ్లు కూడా ఎవరో ఒకరి కింద పనిచేశారు. ఈ రోజు అదే స్థితిలో మన దగ్గరికి వచ్చిన యువకుడిని "ఏయ్, ఇటు రా" అని పిలిస్తే మన తాతను మనమే అలా పిలిచినట్టు.

పెద్దవాడైతే అన్నా, చిన్నవాడైతే తమ్ముడూ. హిందీ వచ్చిన పిల్లలు భయ్యా అనవచ్చు. చిటికెలు వేయకూడదు, ఈల వేయకూడదు. ఆలస్యమైతే కారణం అడగొచ్చు, అరవకూడదు. వంట బాగా లేకపోతే ఆ మాట మేనేజర్‌తో చెప్పాలి. అతను వండలేదు, తెచ్చాడంతే. వెళ్లేటప్పుడు టిప్‌తో పాటు పిల్లల చేత "దసరా శుభాకాంక్షలు" అనిపించండి.

ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. ఎప్పుడైనా టేబుల్ తుడవడానికి, ప్లేట్లు తీయడానికి వచ్చింది మన పిల్లల వయసు వాడే అయితే ఏం చేస్తాం? హోటళ్లు, ధాబాలలో, ఇళ్లలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనికి పెట్టుకోవడంపై 2006 అక్టోబర్ 10 నుంచి దేశవ్యాప్తంగా నిషేధం ఉంది. 2016లో చట్టాన్ని ఇంకా గట్టిగా సవరించారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించే యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మన పిల్లాడు ప్లేట్లో బిర్యానీ వదిలేసి లేస్తే, అదే వయసు పిల్లాడు ఆ ప్లేటు తీసుకెళ్లే దృశ్యం మన పిల్లాడి కళ్ల ముందే జరుగుతోంది. మనం చూడనట్టు ఉంటే, లోకం ఇలాగే ఉంటుందని వాడు నేర్చుకుంటాడు. పది రూపాయలు చేతిలో పెట్టి జాలి పడితే సరిపోదు. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబర్. ఫోన్ చేసి హోటల్ పేరు, ఊరు చెబితే చాలు. అక్కడికక్కడ గొడవ పడాల్సిన పని లేదు. కారెక్కాక చేయండి, కానీ పిల్లలు వినేలా చేయండి.

ప్లేట్లో మిగిలింది, బాటిల్‌లో మిగిలింది

హోటల్ అనగానే వృథా గుర్తొస్తుంది. నిజమే, కానీ మొత్తం తప్పు హోటళ్లదే కాదు. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోనే, 28 శాతం హోటళ్లు, క్యాంటీన్ల వంటి చోట్ల. కాబట్టి ఈ అలవాటు ఇంట్లో మొదలై హోటల్ దాకా వస్తుంది.

ఎనిమిది మంది వెళ్తే ఎనిమిది బిర్యానీలు ఒకేసారి చెప్పకండి. వేపుళ్లు తిన్నాక పిల్లలకు సగం ఆకలి తీరిపోతుంది. ముందు నాలుగు చెప్పి, పంచుకుని, చాలకపోతే మళ్లీ చెప్పుకోవచ్చు. మిగిలితే పార్సిల్ అడగడం చిన్నతనం కాదు. అయితే వండిన మాంసం, అన్నం మామూలు వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఎండలో కారు డిక్కీలో పెట్టి, సాయంత్రం ఇంకో ఇంటికి వెళ్లి, రాత్రి ఎనిమిదికి తినిపిస్తే ఆస్పత్రి ఖర్చు తోడవుతుంది. ఇల్లు దగ్గరైతేనే పార్సిల్ కట్టించండి.

నీళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగినవాళ్లు, కాళ్లు వంకర పోయినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. మునుగోడు, మర్రిగూడ వైపు మంచి నీళ్ల బిందె కోసం పడిన పాట్లు మన తల్లిదండ్రులు కళ్లారా చూశారు. అలాంటి జిల్లాలో హోటల్ టేబుళ్ల మీద సగం తాగి వదిలేసిన వాటర్ బాటిళ్లు వరుసగా కనిపిస్తుంటాయి. తెరిచిన బాటిల్ ఇంటికి తీసుకెళ్లండి. తలా ఒక బాటిల్ చెప్పకుండా రెండు చెప్పి గ్లాసుల్లో పోసుకోండి. ఈ మాట నాయనమ్మ చెబితే ఇంకా బాగుంటుంది, ఎందుకంటే ఆమె మోసిన బిందెల లెక్క ఆమెకే తెలుసు.

బిల్లు పిల్లల చేతికి

బిల్లు రాగానే నాన్న దాన్ని మడిచి, ఫోన్‌తో స్కాన్ చేసి, లేచిపోతారు. ఒక్క రెండు నిమిషాలు ఆగి ఆ కాగితాన్ని పిల్లల చేతికి ఇవ్వండి. ఆరో తరగతి నుంచి పైవాళ్లకు అది మంచి వర్క్‌షీట్.

ఉదాహరణకు ఎనిమిది మంది తిన్న భోజనం 3,200 రూపాయలు అనుకుందాం. మన దగ్గరి మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ ఐదు శాతం, అంటే 160. అందులో సీజీఎస్టీ 80, ఎస్‌జీఎస్టీ 80. మొత్తం 3,360. మనిషికి 420. ఈ లెక్క పిల్లలు స్వయంగా చేశాక "ఇదే డబ్బుతో ఇంట్లో ఏమేం చేసుకోవచ్చు?" అని అడగండి. కిలో మటన్ ధర ఎంతో వాళ్లకు తెలుసేమో చూడండి. హోటల్ ఖరీదు అని బాధ పడడానికి ఈ ప్రశ్న వేయడం లేదు. వంటమనిషి కూలి, కరెంటు, అద్దె, వడ్డించినవాళ్ల జీతం ఆ 420లో ఉన్నాయని, ఇంట్లో అమ్మ చేసే పనికి ఆ బిల్లు ఎప్పుడూ రాదని వాళ్లకు అర్థమవుతుంది.

బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉందో లేదో వెతకమనండి. 2022 జనవరి 1 నుంచి హోటళ్లు దాన్ని బిల్లు మీద తప్పనిసరిగా ముద్రించాలి. ఆహారం బాగా లేదని ఫిర్యాదు చేయాలంటే ఆ నంబర్ పనికి వస్తుంది. సర్వీస్ చార్జ్ అని అదనంగా వేశారేమో చూడండి. మనల్ని అడగకుండా దాన్ని బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇవ్వాలా వద్దా అన్నది మన ఇష్టం. తీసేయమని మర్యాదగా అడగొచ్చు, వినకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు. అలా మిగిలిన డబ్బును వడ్డించిన అన్న చేతిలో నేరుగా పెడితే ఇంకా మంచిది.

హోటల్ చేయలేని పని

ఇంత చెప్పాక పెద్దవాళ్ల అభ్యంతరం దగ్గరికి తిరిగి వద్దాం. "పండుగ నాడు ఇంట్ల పొయ్యి ముట్టియ్యకుండ" అన్న మాటలో ఒక న్యాయం ఉంది. హోటల్ బిర్యానీ పెట్టగలదు, మలీద పెట్టలేదు. మెనూ కార్డులో సద్దులు ఉండవు. సంక్రాంతికి నలుగురు ఆడవాళ్లు కూర్చుని చుట్టే సకినాల గుండ్రం ఏ కిచెన్‌లోనూ రాదు. ఇవి పిల్లల చేతికి రాకపోతే ఇంకో తరం తర్వాత స్వీట్ షాపులో పేరు చూసి కొనుక్కోవాల్సిందే.

అందుకని ఒక మధ్యే మార్గం. పండుగ భోజనం హోటల్లో అనుకున్నా, ఒక్క వంటకం ఇంట్లో చేయండి. ఒక్కటే. అది అందరూ కలిసి చేయాలి, పిల్లలు చేయి పెట్టాలి. మలీద ముద్దలైతే మరీ సులువు: రొట్టెలు పెద్దవాళ్లు కాల్చిస్తే, వాటిని నలిపి, బెల్లం, నెయ్యి వేసి ముద్దలు కట్టడం యూకేజీ పాప కూడా చేస్తుంది. నాయనమ్మ చెబుతూ కూర్చుంటే, నాన్న బెల్లం తరిగితే, ఇంట్లో పొయ్యి ముట్టినట్టే, పండుగ జరిగినట్టే. ఆ ముద్దలు పక్కింటికి పంపడం కూడా పిల్లల పనే.

రెండోది సమయం. దసరా అసలు సందడి సాయంత్రమే. పాలపిట్టను చూడాలి, జమ్మి చెట్టు దగ్గరికి వెళ్లాలి, ఆకు తెచ్చి బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాలి, ఊరివాళ్లతో అలయ్ బలయ్ తీసుకోవాలి. మధ్యాహ్నం రెండున్నరకు హోటల్లో టోకెన్ తీసుకుని, మూడున్నరకు టేబుల్ దొరికి, ఐదింటికి బయటపడి, ట్రాఫిక్‌లో ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. పిల్లలు వెనుక సీట్లో నిద్రపోతారు. జమ్మి రేపటికి వాయిదా పడుతుంది, దసరాకు రేపు అనేది ఉండదు. కాబట్టి పన్నెండు గంటలకల్లా హోటల్లో కూర్చోండి, రెండుకు బయటపడండి. వీలైతే ముందురోజే ఫోన్ చేసి టేబుల్ చెప్పుకోండి. లేదా ఆ రోజు వదిలేసి, పండుగ మరునాడు వెళ్లండి. రద్దీ తక్కువ, వడ్డించేవాళ్లకూ కాస్త ఊపిరి ఆడుతుంది, అమ్మకు రెండో రోజు విశ్రాంతి దొరుకుతుంది.

కదలలేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఒక మాట. "నువ్వు ఇంటి కాడ ఉండు, పార్సిల్ తెస్తం" అని తాళం వేసి వెళ్లడం పండుగ పూట వద్దు. ఆ పరిస్థితి ఉన్న ఇంట్లో హోటల్ భోజనాన్నే ఇంటికి తెప్పించుకుని, అందరూ కింద చాప వేసుకుని కూర్చుంటే సరి. ఏసీ ఉండదు, ఫింగర్ బౌల్ రాదు, తాతయ్య మాత్రం ఉంటారు.

బడి తెరిచిన రోజు

చివరిగా ఒక విషయం తల్లిదండ్రులతో పాటు మన టీచర్లకు కూడా. ఫీజులు కట్టి చదివించే కుటుంబాలన్నీ ఒకలాంటివి కావు. ఒక ఇంట్లో పండుగకు మూడుసార్లు హోటల్ ఉంటుంది. పక్క బెంచీ పిల్ల ఇంట్లో రెండో టర్మ్ ఫీజు కోసం అమ్మ మెడలోని గొలుసు కుదువ పెట్టి ఉండవచ్చు. ఆ పిల్లకు ఈ దసరాకు హోటల్ లేదు. వాట్సాప్ స్టేటస్‌లో ఒకరి తర్వాత ఒకరు పెట్టే బిర్యానీ ఫోటోలు ఆ ఇంట్లో కూడా చూస్తారు. ఫోటో పెట్టాలనిపిస్తే ప్లేట్లది కాకుండా మనుషులది పెట్టండి.

సెలవుల తర్వాత మొదటి రోజు క్లాసులో "ఎక్కడికి వెళ్లారు? ఏం తిన్నారు?" అని అడగడం మనకు అలవాటు. ఆ ప్రశ్నకు కొందరు పిల్లలు అబద్ధం చెబుతారు. ఏడేళ్ల పిల్ల వెళ్లని హోటల్ పేరు చెప్పి, తినని ఐస్‌క్రీమ్ రుచి వర్ణిస్తుంది. ఆ అవసరం మనం కల్పించకూడదు. దాని బదులు "పండుగకు ఎవరితో కలిసి తిన్నారు? ఏ పనిలో సాయం చేశారు?" అని అడుగుదాం. ఈ ప్రశ్నకు ప్రతి పిల్ల దగ్గరా నిజమైన జవాబు ఉంటుంది. హోటల్‌కు వెళ్లిన పిల్లాడు నాయనమ్మకు మెనూ చదివి వినిపించానని చెబుతాడు. వెళ్లని పిల్ల అమ్మతో కలిసి మలీద ముద్దలు కట్టానని చెబుతుంది. ఇద్దరికీ క్లాసు ఒకేలా చప్పట్లు కొట్టవచ్చు.

పాఠకులందరికీ బతుకమ్మ, దసరా శుభాకాంక్షలు. హైవే మీద నెమ్మదిగా వెళ్లి రండి. జమ్మి వేళకు ఇంటికి చేరండి.